ఫలక్‌నుమా నిలిచింది, హిల్‌ఫోర్ట్ ఒరిగింది: పాత మహల్‌ని హోటల్ చేస్తే బతుకుతుందా?

ఉయ్యూరులో బస్సెక్కి బెజవాడ వెళ్లేవాళ్లు కంకిపాడు, పెనమలూరు దాటుకుని బందరు రోడ్డు మీదుగా ఊళ్లోకి వస్తారు. ఆ రోడ్డు పక్కనే ఒక పాత భవనం ఉంది. ఇప్పుడు దాని పేరు బాపు మ్యూజియం. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1887లో దానికి పునాది వేశారు. 1921లో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు బెజవాడలో జరిగినప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించింది ఇక్కడేనని చెబుతారు. తర్వాత అది మ్యూజియం అయింది. చాలాకాలం మూతపడి, బాగుచేయించుకుని 2020 అక్టోబరులో మళ్లీ తలుపులు తెరిచింది.

అదే దారిలో ఊళ్లలోకి దిగితే మరో రకం పాత కట్టడాలు కనిపిస్తాయి. టేకు స్తంభాలు, మండువా లోగిలి, రెండడుగుల మందం గోడలు, గేటుకి తుప్పు పట్టిన తాళం. వారసులు ఒకరు హైదరాబాదులో, ఒకరు గల్ఫులో, ఇంకొకరు అమెరికాలో. ఇల్లు మాత్రం ఎవరిదీ కాకుండా నిలబడి ఉంటుంది. "అమ్మేద్దామా, పడగొట్టి అపార్ట్‌మెంట్ కడదామా, లేక గెస్ట్‌హౌస్‌గా మారుద్దామా" అన్న మాట పెళ్లిళ్లలో, జనాజాల దగ్గర చుట్టాలు కలిసినప్పుడల్లా వస్తుంది. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు.

పాత మేడని హోటల్‌గా మార్చడం ఇప్పుడు ఫ్యాషన్. బొటిక్ హోటల్, హెరిటేజ్ హోటల్ అని పేర్లు. గదులు తక్కువ, అద్దె ఎక్కువ, ప్రతి గదికీ ఒక కథ. ఇలా మార్చితే నిజంగా కట్టడం బతుకుతుందా? దీనికి జవాబు హైదరాబాదులోనే దొరుకుతుంది. అక్కడ రెండు గుట్టల మీద రెండు మహల్‌లు ఉన్నాయి. రెండూ నిజాం కాలం ప్రముఖులు కట్టినవే, రెండూ నిజాం వంశం చేతికి వచ్చినవే, రెండూ హోటళ్లయినవే. ఒకటి ఇవాళ ప్రపంచ నాయకులకు విందులు పెడుతోంది. రెండోది ఏళ్లకేళ్లు పాడుబడి, కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

అప్పు చేసి కట్టిన ఆకాశం

ఫలక్ అంటే ఆకాశం, నుమా అంటే చూపించేది. ఉర్దూ తెలిసిన ఇళ్లలో ఈ పేరుకి అర్థం చెప్పనక్కర్లేదు. చార్మినార్‌కి దక్షిణాన, సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో గుట్ట మీద ఈ మహల్ ఉంటుంది.

దీన్ని కట్టించింది నిజాం కాదు. పాయెగా వంశానికి చెందిన నవాబ్ వికారుల్ ఉమ్రా. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కి దగ్గరి బంధువు, తర్వాత హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రి అయినవాడు. 1884 మార్చిలో పునాది పడింది. పూర్తయ్యేసరికి దాదాపు తొమ్మిదేళ్లు. ఇటలీ పాలరాయి, వెనిస్ షాండ్లియర్లు, ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోట లైబ్రరీ పైకప్పు నమూనాలో చెక్కించిన వాల్‌నట్ చెక్క కప్పు, ఒకేసారి 101 మంది కూర్చుని తినగలిగే భోజనాల బల్ల. మొత్తం 32 ఎకరాల ఆవరణ. పైనుంచి చూస్తే భవనం తేలు ఆకారంలో ఉంటుందని అంటారు.

ఈ సొగసు వెనక అప్పు ఉంది. ప్రధానమంత్రి స్థాయి నవాబుకి కూడా ఆ ఖర్చు తట్టుకోవడం కష్టమైంది. 1897 ప్రాంతంలో మహల్ నిజాం చేతికి వెళ్లింది. మెహ్మాన్‌గా వచ్చిన నిజాం మహల్‌ని మెచ్చుకున్నారని, వికారుల్ ఉమ్రా దాన్ని నజరానాగా సమర్పించారని, నిజాం ఊరికే పుచ్చుకోకుండా డబ్బు చెల్లించారని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వికారుల్ ఉమ్రా తర్వాత బేగంపేటలో మరో మహల్ కట్టుకున్నారు. అదే పాయెగా ప్యాలెస్. ఆ ఇంటికి కూడా ముందుముందు కొత్త పనులు దొరికాయి. మన కాలంలో 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ నడిచింది అందులోనే.

ఫలక్‌నుమా నిజాం రాజ్యానికి మెహ్మాన్‌ఖానా అయింది. 1906లో ఇంగ్లండ్ యువరాజు, ఆయన భార్య హైదరాబాద్ వచ్చినప్పుడు బస ఇక్కడే. ఆ యువరాజే తర్వాత ఐదో జార్జి చక్రవర్తి. అంటే హోటల్ కాకముందే ఈ భవనం అతిథుల కోసం పనిచేసింది. 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ ఈ మహల్‌లోనే కన్నుమూశారు. కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్‌కోఠీలో ఉండటానికే ఇష్టపడ్డారు. అప్పటి నుంచి ఫలక్‌నుమా తలుపులు ఎప్పుడో ఒకసారి తెరుచుకునేవి. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దిగారు. ఆ తర్వాత చెప్పుకోదగ్గ అతిథి లేడు.

జడ్జి గారి ఇల్లు రిట్జ్ హోటలైంది

రెండో మహల్ కథ నౌబత్ పహాడ్ మీద. ఒకప్పుడు నౌబత్, అంటే నగారా మోగించి ఫర్మానాలు చాటిన గుట్ట అని పేరు. ఇప్పుడు బిర్లా మందిర్ చూడటానికి వెళ్లేవాళ్లకు ఆ చుట్టుపక్కలంతా తెలిసిన చోటే.

అక్కడ 1915లో సర్ నిజామత్ జంగ్ ఇల్లు కట్టుకున్నారు. హైదరాబాద్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన మనిషి. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో చదువుకున్నారు. తాను చదివిన కాలేజీ జ్ఞాపకంగా అదే పోలికలో ఇల్లు కట్టించారు. కోట బురుజుల్లాంటి గోడల వల్ల హిల్‌ఫోర్ట్ అన్న పేరు దానికి నప్పింది. 1929లో ఆ ఇల్లు నిజాం సర్కారుకి అమ్మేశారు.

ఆ తర్వాత అందులో ఉన్నది ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జమ్ జా. నగరాన్ని బాగుచేయడానికి పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకి ఆయనే పెద్ద. మొజంజాహీ మార్కెట్ ఆయన పేరు మీదే వచ్చింది. ఆయన భార్య నీలోఫర్, టర్కీ ఉస్మానియా సుల్తానుల వంశం బిడ్డ. 1931లో ఫ్రాన్స్‌లో నికాహ్ అయింది. నీలోఫర్ దగ్గర పనిచేసే ఒకామె కాన్పులో చనిపోతే, ఇలా ఇంకెవరికీ జరగకూడదని ఆమె పట్టుబట్టడం వల్లే నీలోఫర్ ఆస్పత్రి వచ్చిందని చెబుతారు. బిడ్డకు బాగాలేక హైదరాబాద్ పరుగెత్తిన తెలుగు కుటుంబాలెన్నో ఆ ఆస్పత్రి పేరు ఎరుగుదురు. ఆ పేరుగల మనిషి కాపురమున్న ఇల్లు హిల్‌ఫోర్ట్ అని మాత్రం చాలామందికి తెలియదు.

దేశంలో హైదరాబాద్ కలిసిపోయాక హిల్‌ఫోర్ట్ రిట్జ్ హోటల్ అయింది. పెద్ద పెద్ద అద్దాల హోటళ్లు రాని కాలమది. ఊళ్లో గొప్ప హోటల్ ఏదంటే రిట్జ్ పేరు చెప్పేవాళ్లు. గుట్ట మీద నుంచి ఊరంతా కనిపించే గదులు, పచ్చిక బయలు, విందులు, పెళ్లి దావతులు. 1990ల చివరిదాకా హోటల్ నడిచింది, తర్వాత మూతపడింది. భవనం ప్రభుత్వ పర్యాటక శాఖ కిందికి వచ్చింది. మళ్లీ హెరిటేజ్ హోటల్‌గా మార్చాలన్న ప్రయత్నం గట్టెక్కలేదు. కప్పులు కూలాయి, గోడల్లో చెట్లు మొలిచాయి. చివరికి వారసత్వ కట్టడాల కోసం పనిచేసేవాళ్లు దీన్ని కాపాడమని హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయాల్సి వచ్చింది.

తేడా ఎక్కడ వచ్చింది?

రెండింటి కష్టం మొదలైంది ఒకేచోట. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు. నవాబుల దేవిడీలు నడిచింది జాగీరు రాబడి మీద. రాబడి ఆగింది, నౌకర్లు వెళ్లిపోయారు. ముప్పై గదుల ఇంట్లో రెండు గదుల్లో వంట, మిగతా వాటికి తాళం. అటు కోస్తాలో జరిగింది కూడా ఇలాంటిదే. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో నూజివీడు, ఉయ్యూరు, చల్లపల్లి లాంటి జమీందారీలు పోయాయి. కోటలు, మేడలు మిగిలాయి గానీ వాటిని పోషించే శిస్తు మిగల్లేదు.

ఫలక్‌నుమా కూడా ఆ గండం తప్పించుకోలేదు. 1967లో ఏడో నిజాం పోయాక ఆస్తి మనవడు ముకర్రమ్ జాకి వచ్చింది. దాంతోపాటు పన్నుల బకాయిలు, నౌకర్ల బాధ్యత, లెక్కలేనంతమంది వారసుల దావాలు కూడా వచ్చాయి. ఆయన 1970లలో ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం పెట్టుకున్నారు. హైదరాబాదులో మహల్‌లకు సీళ్లు, లోపల దుమ్ము, సామాను మాయం.

మలుపు తెచ్చింది ఆయన మొదటి భార్య, టర్కీ దేశస్తురాలు ప్రిన్సెస్ ఎస్రా. విడిపోయి ఏళ్లయినా 1990లలో తిరిగొచ్చి చిక్కులు విప్పే పని నెత్తినేసుకున్నారు. లాయర్లను కూర్చోబెట్టి వారసులతో ఒప్పందాలు, అప్పులకు దారి, ఆ తర్వాతే కట్టడాల మరమ్మతు. చౌమహల్లా ప్యాలెస్‌ని మ్యూజియంగా తెరిచారు. ఆ పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఫలక్‌నుమాని తాజ్ సంస్థకి లీజుకిచ్చారు. పదేళ్లు మరమ్మతు చేసి 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తెరిచారు. 2017లో ప్రధాని మోదీ ఇవాంకా ట్రంప్‌కి విందు ఇచ్చింది అక్కడి 101 మంది బల్ల మీదే.

దీంట్లో గమనించాల్సింది పనుల వరస. ముందు హక్కు ఎవరిదో తేలింది. తర్వాత లీజు. తర్వాత మరమ్మతు. హోటల్ వచ్చింది అన్నింటికంటే చివర. హిల్‌ఫోర్ట్‌లో వరస తిరగబడింది. హోటల్ ముందే వచ్చింది, నడిచినన్నాళ్లు ఇంటికి దీపం పెట్టింది. హోటల్ వెళ్లిపోయాక కప్పు ఎవరు వేయించాలన్న ప్రశ్నకి జవాబిచ్చే మనిషి లేకపోయాడు. అద్దెకున్నవాళ్లు పోతారు. యజమాని అన్నవాడు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి ఫైలు పంపే శాఖ అయితే, వానాకాలం ఆ ఫైలు కోసం ఆగదు.

గోడ లోపల జరిగేది

పాత ఇళ్లు కూలేది వయసు వల్ల అనుకుంటారు. నిజానికి చాలావరకు నీళ్ల వల్ల. పిట్ట వేసిన రావి గింజ కప్పు పగులులో మొలుస్తుంది. ఇంట్లో మనుషులుంటే దాన్ని ఆ వారమే పీకేస్తారు. తాళం వేసిన ఇంట్లో రెండేళ్లకి వేరు గోడలోకి దిగుతుంది. ఆ దారిన వాన నీరు దిగుతుంది, టేకు దూలం నానుతుంది, చెదలు పడుతుంది. తర్వాత కప్పు.

రెండో శత్రువు సిమెంటు. ఈ కట్టడాలు గానుగ సున్నంతో కట్టినవి. ఇసుక, సున్నం గానుగలో తిప్పి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి గోడకు పట్టించేవాళ్లు. ఉయ్యూరు చుట్టుపక్కల చెరుకు రైతుల ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. సున్నపు గోడ గాలి పీలుస్తుంది, చెమ్మ బయటికి పోతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, నాలుగేళ్లలో పూత పెచ్చులూడుతుంది. "బాగు చేయించాం" అని పాడుచేసిన పాత మసీదులు, దర్గాలు, ఇళ్లు తక్కువేం కాదు.

హోటల్‌గా మార్చేటప్పుడు మూడో చిక్కు వస్తుంది. ప్రతి గదికీ బాత్‌రూమ్ కావాలి, ఏసీ కావాలి, నిప్పంటుకుంటే బయటపడే దారి కావాలి. పాత ఇంట్లో ఇవేవీ ఉండవు. పైపుల కోసం మందపు గోడలు తొలిస్తే బలం పోతుంది. అందుకే తెలిసినవాళ్లు పడకగదిని కదిలించకుండా, పక్కనున్న చిన్న గదిని స్నానాల గదిగా మారుస్తారు. మర్దానా, జనానా అని విడిగా కట్టిన ఇళ్లలో ఇది కొంత తేలిక. చిన్న గదులు చాలా ఉంటాయి.

వేరే దేశాల్లో ఏం చేశారు?

రాజస్థాన్‌లో ఈ దారి ముందే పట్టారు. జైపూర్ రాంబాగ్ ప్యాలెస్ 1957లో హోటలైంది, ఉదయ్‌పూర్ సరస్సు మధ్యలోని మహల్ 1963లో. 1971లో రాజభరణాలు రద్దయ్యాక మిగతా రాజులకీ అదే గతి అయింది. స్పెయిన్‌లో 1928 నుంచే ప్రభుత్వం స్వయంగా పాత కోటలు, మఠాలు హోటళ్లుగా నడుపుతోంది. ఇస్తాంబుల్‌లో సుల్తానహ్మద్ మసీదుకి దగ్గరలో ఉస్మానియా పాలన చివరి రోజుల్లో కట్టిన జైలు ఉండేది. 1996లో అది హోటల్‌గా తెరుచుకుంది. ఖైదీలు తిరిగిన ముంగిట్లో ఇప్పుడు అతిథులు టీ తాగుతారు.

అలాగని హోటలొక్కటే మందు కాదు. హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ 1949లో ఆడపిల్లల కాలేజీ అయింది. చౌమహల్లా మ్యూజియం అయింది. ఇందులో ఒక న్యాయం ప్రశ్న కూడా ఉంది. చౌమహల్లాకి టికెట్ కొని ఆటోడ్రైవర్ కూడా పిల్లలతో వెళ్లి చూడగలడు. ఫలక్‌నుమాలో ఒక రాత్రి గడపాలంటే చాలా ఇళ్లలో నెల జీతం చాలదు. కట్టడం దక్కింది, కానీ దాని కింద పాతబస్తీలో పుట్టి పెరిగినవాళ్లలో ఎక్కువమందికి అది దూరం నుంచి చూసే దీపాలే. ఆ రెండింటిలో ఏది మేలు అని గొడవపడేవాళ్లున్నారు. హిల్‌ఫోర్ట్‌ని చూసినవాళ్లు మాత్రం, ఏ పనీ లేకపోవడం కన్నా ఏదో ఒక పని ఉండటమే నయం అంటారు.

పడగొట్టడానికి ప్రభుత్వమే ముందుకొచ్చిన సందర్భం కూడా ఉంది. కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్‌ని తీసేయాలని తెలంగాణ మంత్రివర్గం నిర్ణయిస్తే, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇర్రమ్ మంజిల్ అన్న నవాబు గారి మహల్ పేరే జనం నోట ఎర్రమంజిల్ అయింది. కోర్టు పడగొట్టడాన్ని ఆపగలదు. కప్పు మీద మొక్క పీకే పని మాత్రం కోర్టుది కాదు.

ఇంట్లో పాత మేడ ఉన్నవాళ్లు చూసుకోవాల్సినవి

కేంద్ర పర్యాటక శాఖ లెక్కలో 1950కి ముందు కట్టిన హవేలీ, కోట, మహల్, వేట బంగళా లాంటివి హెరిటేజ్ హోటల్ వర్గీకరణకు పనికొస్తాయి. 1935-1950 మధ్యవి హెరిటేజ్, 1920-1935 మధ్యవి హెరిటేజ్ క్లాసిక్, 1920కి ముందువి హెరిటేజ్ గ్రాండ్. కనీసం ఐదు గదులు, పది పడకలు ఉండాలి. మార్పులు చేసినా పాత రూపం చెడకూడదు. అంటే ఇది నవాబులకే కాదు, డెల్టాలోని పెద్ద మండువా ఇంటికి కూడా వర్తించవచ్చు.

కానీ దరఖాస్తు కన్నా ముందు నాలుగు పనులున్నాయి.

మొదటిది వాటాలు. తాత పేరు మీదే ఉన్న ఇంటికి ఇవాళ ముప్పై మంది వారసులు ఉండొచ్చు. ఫరాయిజ్ ప్రకారం అక్కచెల్లెళ్ల వాటా కూడా కాగితం మీదికి రావాలి. "వాళ్లు అడగరులే" అని వదిలేసిన వాటాయే పదేళ్ల తర్వాత కోర్టు నోటీసై వస్తుంది. అందరూ సంతకం చేసి, నడిపే బాధ్యత ఒకరికి రాతపూర్వకంగా అప్పగించాలి.

రెండోది లీజు కాగితం. ఎన్నేళ్లు, అద్దె ఎంత అని మాత్రమే రాసుకుంటే చాలదు. కప్పు కారితే ఎవరు బాగుచేయించాలి, సిమెంటు వాడొచ్చా, తలుపులు, సామాను జాబితా, ఫొటోలు, బీమా, ఖాళీ చేసేటప్పుడు ఇల్లు ఏ స్థితిలో అప్పగించాలి అన్నవి రాసుకోవాలి. రిట్జ్ కథ చెప్పేది ఇదే. హోటల్ మూతపడిన మర్నాడు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ముందే తేల్చుకోవాలి.

మూడోది వక్ఫ్. ఆ ఇల్లు, ఆ సరాయి వక్ఫ్ ఆస్తి అయితే అమ్మడం కుదరదు. బోర్డు అనుమతి లేకుండా ముతవల్లీ ఒక్కడే దీర్ఘకాల లీజు రాసివ్వడానికీ లేదు. ముసాఫిర్లకు నీడ ఇవ్వడానికి పెద్దలు వదిలివెళ్లిన చోటైతే, దాని రాబడి ఎవరికి చేరుతోందో అడిగే హక్కు జమాత్‌కి ఉంది.

నాలుగోది అనుమతులు. స్థానిక మున్సిపాలిటీ, అగ్నిమాపక శాఖ, వంట ఉంటే ఆహార భద్రత లైసెన్సు. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లోపు ఆ వివరాలు అధికారులకు తెలపాలి. గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి విదేశీ పాస్‌పోర్టుతో వచ్చే సొంత బంధువుల పిల్లలకీ ఈ నియమం వర్తిస్తుంది.

ఇవన్నీ తేలడానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు. చుట్టాలందరూ ఒకచోట చేరాలి, ఎవరో ఒకరు ప్రిన్సెస్ ఎస్రాలాగా ఓపిక పట్టాలి. ఆలోపు ఇల్లు ఆగాలి కదా. అందుకని ఈ ఏడు తొలకరి రాకముందే ఒక మనిషిని పెట్టి తాళం తీయించి, కప్పు ఎక్కించి, తూములు శుభ్రం చేయించి, గోడల్లో మొలిచిన రావి మొక్కలు వేళ్లతో సహా తీయించడం మంచిది. దానికి వారసులందరి సంతకాలు అక్కర్లేదు.